ఎలుక నేర్చిన పాఠం



సార్వా వరి చిరుపొట్టకి వచ్చే రోజుల్లో గోదావరి డెల్టా రైతుకి నిద్ర పట్టనివ్వనిది ఎలుక. తణుకు, పెనుగొండ, రామచంద్రపురం, అమలాపురం, ఏ వైపు గట్ల మీద నడిచినా కలుగులే కనిపిస్తాయి. బుట్టలు పెట్టి పట్టినన్ని పట్టగా, మిగిలినవాటికి మందు పెడతారు. ఆ మందు పెట్టడానికి ఒక వరస ఉంది. ముందు రోజు సాయంత్రం గట్ల మీది కలుగులన్నీ మట్టితో మూసేస్తారు. తెల్లారి వెళ్లి చూస్తే కొన్ని తెరుచుకుని ఉంటాయి. ఎలుకలు కాపురమున్నవి అవే. నూకలకి కాస్త నూనె పట్టించి ఆ కలుగుల్లో పెడతారు. అందులో మందు ఉండదు. ఒకటి రెండు రోజులు ఆ ఉత్త ఎరే. ఎలుక రుచి మరిగాక 96 పాళ్లు నూకలు, 2 పాళ్లు నూనె, 2 పాళ్లు జింక్ ఫాస్ఫైడ్ కలిపి, చిన్న చిన్న కాగితపు పొట్లాలు కట్టి, అదే చోట పెడతారు.

ఎందుకింత ఓపిక? మందున్న ఎర మొదటి రోజే పెడితే ఎలుక కాస్త కొరికి చూసి ఊరుకుంటుంది. ఆ కాస్త మందుకి చావదు గాని ఒంట్లో నలతపడుతుంది. ఇక ఆ రుచి, ఆ వాసన ఉన్న ఎర జోలికి చాన్నాళ్లు రాదు. అందుకే జింక్ ఫాస్ఫైడ్‌ని వెంట వెంటనే రెండోసారి పెట్టొద్దంటారు. ఆ తర్వాత బ్రోమడయోలోన్ పెడతారు. అది రక్తం గడ్డకట్టే గుణాన్ని నెమ్మదిగా పోగొట్టి, కొన్ని రోజులకి గాని చంపదు. అప్పటికి ఏ తిండి వల్ల తనకీ గతి పట్టిందో ఎలుకకి తెలిసే వీలుండదు. మన మారుటేరు వరి పరిశోధన స్థానంలో ఈ ఎలుకల నివారణ మీద ఏళ్ల తరబడి పని జరిగింది. రైతులకి చెప్పే ఈ పద్ధతి అంతా ఎలుక బుద్ధిని గౌరవించి తయారైనదే అని నాకనిపిస్తుంది.

గట్టు మీది ఆ ఎలుకకి ఏమైంది? అది భయపడిందా, నేర్చుకుందా? రెండూ అనే చెప్పాలి. మరి ఆ రెంటినీ విడదీసి చూడొచ్చా? భయాన్ని మాత్రం తగ్గించి, నేర్చుకునే శక్తిని అలాగే ఉంచే మందు ఉంటుందా? నేర్చుకునే శక్తిని పెంచి, భయం జోలికి పోని మందు ఉంటుందా? డెబ్బై ఏళ్లుగా శాస్త్రజ్ఞులు ఈ ప్రశ్నలనే జంతువుల ముందు పెడుతున్నారు. ఆ వెతుకులాటలో పదే పదే ఎదురయ్యే పదార్థం సెరటోనిన్. ఇవాళ నేను మీతో మాట్లాడాలనుకున్నది దాని గురించే.

ఇటలీ శాస్త్రజ్ఞుడు విట్టోరియో ఎర్స్‌పామర్ 1930లలో పేగుల లోపలి పొర నుంచి, కండరాన్ని ముడుచుకునేలా చేసే ఒక పదార్థాన్ని తీశాడు. 1948లో అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో మారిస్ రాపోర్ట్, ఆర్డా గ్రీన్, ఇర్విన్ పేజ్ అనే ముగ్గురు పశువుల రక్తం నుంచి, రక్తనాళాల్ని బిగించే ఒక పదార్థాన్ని వేరుచేసి దానికి సెరటోనిన్ అని పేరు పెట్టారు. కొన్నేళ్లకి తెలిసింది, పేగులో దొరికిందీ రక్తంలో దొరికిందీ ఒకటేనని. అప్పటికింకా మెదడుకీ దీనికీ సంబంధం ఉందని ఎవరూ అనుకోలేదు. బెట్టీ ట్వారోగ్ అనే యువతి ఆల్చిప్ప కండరం ఎలా సడలుతుందో చూస్తూ అక్కడ సెరటోనిన్ ప్రభావం గమనించింది. ఇంత చిన్న ప్రాణిలో నాడి నుంచి కండరానికి కబురు మోసే పదార్థం, పెద్ద జంతువుల మెదడులో మాత్రం ఎందుకుండకూడదని ఆమెకి తోచింది. వెతికింది. 1953లో, ఉందని చూపించింది. ఒక ఆల్చిప్ప దగ్గర మొదలైన ఆలోచన మనిషి మెదడు దాకా పోయింది. నాకు చాలా ఇష్టమైన ఘట్టం ఇది.

ఆ తర్వాతి అడుగులో మన దేశపు మొక్క ఒకటి ఉంది. సర్పగంధి. ఆయుర్వేద వైద్యులు దాని వేరుని పిచ్చికీ నిద్రలేమికీ ఎప్పటినుంచో వాడుతున్నారు. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ దీని గురించి వైద్య పత్రికలో రాశారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటుకి ఇది ఎలా పనిచేస్తుందో బ్రిటిష్ పత్రికలో ప్రచురించాడు. 1952లో స్విట్జర్లాండ్‌లో ఆ వేరు నుంచి రిసర్పిన్‌ని వేరుచేశారు. రిసర్పిన్ ఇచ్చిన జంతువులు కదలక మెదలక, కళ్లు వాల్చి కూర్చునేవి. 1955లో అమెరికాలో బెర్నార్డ్ బ్రాడీ ప్రయోగశాలలో తేలిందేమిటంటే, ఈ మందు శరీరంలో నిలవున్న సెరటోనిన్‌ని బయటికి తోసి ఖాళీ చేస్తోంది. ఒక రసాయనం తగ్గితే ఒక జంతువు నడవడి మారిపోవడం అంత స్పష్టంగా కళ్లకి కట్టిన సందర్భాలు అంతకుముందు చాలా అరుదు. తర్వాత రిసర్పిన్ ఇతర రసాయనాల్ని కూడా ఖాళీ చేస్తుందని తెలిసింది. అయినా దారి తెరుచుకుంది.

ఇక్కడ ఒక అపోహ సంగతి చెప్పాలి. సెరటోనిన్ పెరిగితే సంతోషం, తగ్గితే దిగులు అని పత్రికల్లోనూ ఫోన్లలోనూ తెగ ప్రచారమైంది. ఆ మాట నేను ఒప్పుకోను. మెదడు అడుగున ఉన్న కాండంలో రాఫే అని పిలిచే చిన్న చిన్న గుంపులుగా కొద్దిపాటి నాడీకణాలున్నాయి. సెరటోనిన్ తయారుచేసి మెదడంతటికీ పంపేవి అవే. ధవళేశ్వరం దగ్గర వదిలిన నీరు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల కాలవల్లోకి వెళ్లి ఒకచోట వరి పండిస్తుంది, ఒకచోట కొబ్బరితోట తడుపుతుంది, ఒకచోట చేపల చెరువు నింపుతుంది. నీరు ఒకటే, ఏమవుతుందన్నది చేరిన చోటుని బట్టి. సెరటోనిన్ కూడా అంతే. అది తాకిన కణం మీద దాన్ని అందుకునే గ్రాహకం ఏ రకానిదో దాన్ని బట్టి ఆ కణం ఉరకలు వేస్తుంది, లేదా నెమ్మదిస్తుంది. క్షీరదాల్లో ఇలాంటి గ్రాహకాలు 14 రకాలు. వాటిని 7 కుటుంబాలుగా విభజించారు. వీటిలో ఏదో ఒకదాన్ని తట్టి లేపే మందులున్నాయి, మూసేసే మందులున్నాయి. కాబట్టి "సెరటోనిన్ ఏం చేస్తుంది?" అని అడిగితే జవాబు దొరకదు. ఏ గ్రాహకం, మెదడులో ఏ చోట, ఎంతకాలం, అని అడగాలి.

ముందు మన ఎలుక కడుపు సంగతి చూద్దాం. శరీరంలో ఉన్న సెరటోనిన్‌లో నూటికి తొంభై పాళ్లు పేగుల్లోనే ఉంటుంది. విషం లాంటిదేదైనా పేగుని కెలికితే అక్కడి కణాలు సెరటోనిన్ విడుస్తాయి. అది పక్కనే ఉన్న నాడి మీది మూడో రకం గ్రాహకాన్ని తాకుతుంది. ఆ కబురు మెదడుకి చేరి వికారం పుడుతుంది, మనకైతే వాంతి అవుతుంది. ఆ గ్రాహకాన్ని మూసే మందు మీ అందరికీ తెలుసు. ఒండాన్‌సెట్రాన్. పిల్లలకి వాంతులైనా, కాన్సరు రోగికి కీమోథెరపీ ఇచ్చినా డాక్టర్లు రాసే మందు అదే.

ఎలుక వాంతి చేసుకోలేదు. దాని శరీర నిర్మాణమే అంత. కాని దానికి వెగటు పుడితే మొహంలో తెలుస్తుంది. ఒకసారి తీపినీళ్లు తాగించి, వెంటనే కడుపు తిప్పే లిథియం ఉప్పు సూదిమందుగా ఇస్తే, ఆ తర్వాత అవే తీపినీళ్లు నాలిక మీద పడగానే ఎలుక నోరు పెద్దగా తెరుస్తుంది. డోకు వచ్చినప్పుడు మనం తెరిచినట్టే. కెనడాలో లిండా పార్కర్ ఈ నోరు తెరవడాన్నే లెక్కపెడుతూ ఎన్నో ఏళ్లు పనిచేసింది. 2000లో ఆమె, షెరిల్ లైమ్‌బీర్ కలిసి ఒక ఫలితం ప్రచురించారు. ముందుగా ఒండాన్‌సెట్రాన్ ఇచ్చిన ఎలుకల్లో ఆ డోకు కనబడలేదు. కాని తాగడానికి సీసా ముందు పెడితే ఆ తీపినీళ్లని అవి మామూలు ఎలుకల్లాగే వదిలేశాయి!

ఇది చిన్న సంగతిగా తోచొచ్చు. నా దృష్టిలో ఈ విషయం మొత్తంలో ఇదే కీలకం. మనం ఒకటే అనుకున్న పాఠంలో రెండు పాఠాలున్నాయన్నమాట. "ఇది అసహ్యం" అన్నది ఒకటి. "ఇది తింటే ప్రమాదం" అన్నది ఇంకొకటి. మందు మొదటిదాన్ని తుడిచేసింది, రెండోదాన్ని తాకలేదు. సీసాలో నీళ్లు ఎంత మిగిలాయో మాత్రమే కొలిచి ఉంటే, మందు ఏమీ చేయలేదని రాసేసి ఊరుకునేవాళ్లు. మొహం మాత్రమే చూసి ఉంటే, ఎలుక పాఠమే మరిచిపోయిందని రాసేవాళ్లు.

ఇప్పుడు బెదురు సంగతి. జంతువు బెదురుని కొలిచేదెలా? ఎక్కువమంది వాడే పరికరం కూడిక గుర్తు ఆకారంలో ఉన్న ఒక చెక్క. నేలకి సుమారు అర మీటరు ఎత్తున పెడతారు. నాలుగు బారల్లో రెండింటికి గోడలుంటాయి, రెండింటికి ఉండవు. ఎలుకని నడిమధ్యలో వదిలి 5 నిమిషాలు చూస్తారు. ఎలుకకి గోడ వార నడవడం అలవాటు. అడ్డేమీ లేని ఎత్తు అంటే జంకు. గోడ లేని బారలోకి మెడ సాచి చూస్తుంది, ముందుకాళ్లు పెడుతుంది, ఒళ్లు సాగదీస్తుంది, వెనక్కి లాక్కుంటుంది. బెదురు తగ్గించే డయాజిపామ్ ఇచ్చిన ఎలుక అయితే ఆ బారలోకి ఎక్కువసార్లు వెళ్తుంది, చివరిదాకా నడిచి అంచు మీంచి కిందికి తొంగిచూస్తుంది. 1985లో లండన్‌లో పనిచేసిన సాండ్రా ఫైల్, ఆమె సహచరులు ఈ పద్ధతిని పకడ్బందీగా పరీక్షించి చూపారు.

ఆవిడే గమనించిన మరో విషయం ఉంది. ఒకసారి ఆ చెక్క మీద 5 నిమిషాలు గడిపిన ఎలుకని మర్నాడు మళ్లీ ఎక్కిస్తే, అదే డయాజిపామ్ జాతి మందు ఇక పనిచేయదు. మందు అదే, మోతాదు అదే, ఎలుక అదే. మారినదల్లా ఆ 5 నిమిషాల్లో ఎలుకకి తెలిసిన సంగతి. మొదటిరోజు దానికున్నది తెలియని చోటు పట్ల బెదురు. రెండోరోజు ఉన్నది నేర్చుకున్న భయం. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మందుకి తెలుసు అవి వేరని.

సెరటోనిన్ మందులు ఈ చెక్క మీద ఇంకా తికమక పెట్టాయి. ఒకటి-ఎ అనే గ్రాహకాన్ని తీసుకోండి. అది రాఫే కణాల మీదే ఉంది, అక్కడ కళ్లెంలా పనిచేసి సెరటోనిన్ విడుదలని తగ్గిస్తుంది. జ్ఞాపకాలకి ముఖ్యమైన హిప్పోకాంపస్‌లోనూ ఉంది. ఆ గ్రాహకాన్ని తట్టే మందుని సన్నని గొట్టంతో రాఫేలోకి చుక్కగా వదిలితే ఎలుక కుదుటపడింది. అదే మందుని హిప్పోకాంపస్‌లో వదిలితే బెదురు పెరిగింది. నోటి ద్వారా ఇచ్చిన మందు రెండు చోట్లకీ వెళ్తుంది కదా! ఇదే గ్రాహకం మీద పనిచేసే బస్పిరోన్‌కి 1986లో అమెరికాలో ఆందోళన జబ్బుకి అనుమతి వచ్చింది. మనుషుల్లో రెండు మూడు వారాలకి గాని గుణం కనబడదు. ఎలుకల చెక్క మీదేమో ఒక ప్రయోగశాలలో పనిచేసిందంటారు, ఇంకో ప్రయోగశాలలో లేదంటారు.

ఈ కళ్లెం సంగతి మన ఇళ్లలో వాడే మాత్రలకి కూడా వర్తిస్తుంది. దిగులుకీ ఆందోళనకీ ఇచ్చే, సెరటోనిన్ మీద పనిచేసే ఎస్సిటలోప్రామ్ లాంటి మాత్ర మొదలుపెట్టిన తొలి రోజుల్లో కొంతమందికి గుండెదడ, అలజడి ఎక్కువవుతాయి. తర్వాత నెమ్మదిస్తాయి. న్యూయార్క్‌లో జోసెఫ్ లెడూ ప్రయోగశాలలో నేషా బర్గార్ట్ ఎలుకల్లో సరిగ్గా ఇదే చూపించింది. ఒక శబ్దం, వెంటనే కాళ్లకి చిన్న కరెంటు తగులుతుంది. ఇలా జతచేస్తే, తర్వాత ఆ శబ్దం వినగానే ఎలుక బిగుసుకుపోతుంది. అదే జాతి మందు సిటలోప్రామ్ ఒక్క మోతాదు ఇచ్చి ఈ పాఠం నేర్పితే భయం మామూలు కంటే ఎక్కువగా నాటుకుంది. మూడు వారాలు ఇచ్చి నేర్పితే తక్కువగా నాటుకుంది. తర్వాత 2013లో వచ్చిన ఫలితం మరింత ఆలోచింపజేసేది. కరెంటు లేకుండా శబ్దం మాత్రమే పదే పదే వినిపిస్తే ఎలుకకి భయం క్రమంగా పోతుంది. మూడు వారాలు మందు తిన్న ఎలుకల్లో ఈ భయం వదలడం సరిగ్గా జరగలేదు. ఎందుకంటే భయం వదలడం కూడా ఒక పాఠమే. ఈ మాటలు విని ఎవరూ మాత్రలు ఆపేయకండి. ఆ మాత్రలు ఎంతోమందిని నిలబెట్టాయి, హఠాత్తుగా ఆపితే ఇబ్బందులొస్తాయి, ఏ మార్పు అయినా డాక్టరుగారితో చెప్పే చేయాలి. తొలి రోజుల అలజడికి కారణముందని తెలిస్తే ఆ రోజులు ఓర్చుకోవడం తేలికవుతుందనే చెబుతున్నాను.

బెదురు అనేది ఎలుకలకీ మనకీ మాత్రమే ఉందా? భీమవరం చుట్టుపక్కల రొయ్యల చెరువుల వాళ్లకి ఈ ప్రశ్న ఆసక్తిగా ఉంటుంది. ఫ్రాన్స్‌లోని బోర్డో విశ్వవిద్యాలయంలో పాస్కల్ ఫోసా, డానియల్ కటార్, వాళ్ల సహచరులు రొయ్యకి దగ్గరి చుట్టమైన మంచినీటి క్రేఫిష్‌తో చేసిన ప్రయోగం 2014లో సైన్స్ పత్రికలో వచ్చింది. ఎలుకల చెక్కనే నీళ్లలో కట్టారు. రెండు బారలు వెలుతురు, రెండు బారలు చీకటి. మామూలు క్రేఫిష్‌కి చీకటంటేనే ఇష్టం, అయినా వెలుతురులోకి కూడా వెళ్లి చూస్తుంది. ముందుగా అరగంట సేపు కరెంటుతో చికాకు పెట్టినవి మాత్రం వెలుతురు బార తొక్కలేదు. వాటి మెదడులో సెరటోనిన్ పెరిగి ఉంది. చికాకు పెట్టకుండా ఊరికే సెరటోనిన్ సూదిమందు ఇచ్చినా అవి అలాగే జంకాయి. మనుషుల ఆందోళనకి వాడే క్లోర్‌డయజిపాక్సైడ్ ఇస్తే మళ్లీ వెలుతురులోకి వెళ్లాయి!

మనిషి బెదురు తగ్గించే మందు క్రేఫిష్ బెదురుని తగ్గించింది. రెండు జాతుల పూర్వీకులు విడిపోయి యాభై కోట్ల ఏళ్లు దాటింది. ఇక సెరటోనిన్ అంటే ఇక్కడ ధైర్యం కాదు, జంకు. పైన చెప్పిన అపోహకి ఇంతకంటే జవాబు అక్కర్లేదు. మన పొలాల్లో తిరిగే పీత మీద కూడా తిరుపతి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో సెరటోనిన్ పరిశోధనలు జరిగాయి. అవి కుబుసం విడవడం, గుడ్లు ఎదగడం గురించినవి. అదే పీతల బెదురు మీద కూడా మన ప్రాంతంలో ఎవరైనా పనిచేస్తే బాగుండునని నా కోరిక. వల వేసినప్పుడు, ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి మార్చినప్పుడు రొయ్య ఎంత బెదురుతుందో, ఆ తర్వాత ఎంతసేపు మేత ముట్టదో రైతుకి కళ్లముందు కనిపించే సంగతే కదా.

నేర్చుకోవడం దగ్గరికి వద్దాం. ఎరిక్ కాండెల్ సముద్రపు నత్త జాతికి చెందిన అప్లీసియా మీద పనిచేశాడు. అరచేతికి మించిన పరిమాణం, పెద్ద పెద్ద నాడీకణాలు, చూసి గుర్తుపట్టగలిగేటన్ని. దాని తోకకి కరెంటు తగిలిస్తే, తర్వాత సైఫన్ అనే దాని నీటి గొట్టాన్ని మెల్లగా తాకినా మొప్పని గట్టిగా లోపలికి లాక్కుంటుంది. ఆ దెబ్బకి లోపల విడుదలయ్యేది సెరటోనిన్. పళ్లెంలో పెంచిన రెండు కణాల మీద సెరటోనిన్ ఒక్కసారి చల్లితే వాటి మధ్య బంధం నిమిషాల సేపు బలపడింది. విడతలు విడతలుగా 5 సార్లు చల్లితే ఒక రోజుకి మించి నిలిచింది. జ్ఞాపకం ఏర్పడడాన్ని కణాల మధ్య చూపినందుకు 2000లో ఆయన నోబెల్ బహుమతి పంచుకున్నాడు. గమనించండి, ఆ నత్త నేర్చుకున్నది కూడా జాగ్రత్తనే. అపాయాన్ని చెప్పే కబురూ, పాఠాన్ని రాసే సిరా రెండూ అక్కడ సెరటోనినే.

ఎలుకల్లో జ్ఞాపకాన్ని కొలవడానికి స్కాట్లండ్‌లో రిచర్డ్ మారిస్ 1981లో ఒక నీటి తొట్టె ప్రవేశపెట్టాడు. నీళ్లలో పాలు కలిపి తెల్లగా చేస్తారు. నీటి మట్టానికి కాస్త కిందుగా ఒక చిన్న అరుగు, పైకి కనబడదు. ఎలుక ఈదుతూ ఈదుతూ దాన్ని కనుక్కోవాలి. రోజులు గడిచేకొద్దీ గది గోడల మీది గుర్తుల్ని బట్టి నేరుగా అక్కడికి వెళ్తుంది. కాని భయపడ్డ ఎలుక తొట్టె గోడని అంటిపెట్టుకుని చుట్టూ తిరుగుతుంది. అరుగు గోడకి దూరంగా ఉంటుంది కాబట్టి దానికి ఎప్పటికీ తగలదు. గడియారం మాత్రం "ఈ ఎలుక నేర్చుకోలేదు" అని చెబుతుంది. దానికి బెదురు తగ్గించే మందిచ్చి చూడండి, మధ్యకి ఈదుతుంది, అరుగు దొరుకుతుంది. జ్ఞాపకశక్తి పెరిగిందని రాసుకుంటాం. మన ప్రాంతపు ఫార్మసీ కళాశాలల పిల్లలు మొక్కల కషాయాల మీద ఇలాంటి ప్రయోగాలు చేస్తుంటారు. వాళ్లకి నా మనవి ఒకటే. అరుగు చేరిన సమయంతో పాటు గోడ వార ఈదిన సమయం కూడా పుస్తకంలో రాయండి.

ఇంకో పరీక్ష ఉంది. ఒక పెట్టెలో రెండు ఒకేలాంటి వస్తువులు పెట్టి ఎలుకని వదులుతారు. కాసేపయ్యాక తీసేసి, తర్వాత ఒకటి పాతది, ఒకటి కొత్తది పెట్టి మళ్లీ వదులుతారు. పాతదాన్ని గుర్తుపట్టిన ఎలుక కొత్తదాని దగ్గర ఎక్కువసేపు మూచూస్తూ ఉంటుంది. కరెంటు లేదు, ఆకలి లేదు, ఈత లేదు. అందుకే మందుల కంపెనీలకి ఈ పరీక్ష అంటే ఇష్టం. కాని ఇది నడిచేది ప్రయోగశాల ఎలుకతోనే. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్ల తెల్ల ఎలుకల వంశం దాదాపు నూరేళ్ల నాటిది. మనిషి చేతుల్లో తరతరాలుగా పెరిగిన ప్రాణి, కొత్తదంటే ఉత్సాహంగా వెళ్తుంది. ఎస్. ఎ. బార్నెట్ అనే ఇంగ్లండ్ శాస్త్రజ్ఞుడు బయట పట్టిన ఎలుకల్నీ ప్రయోగశాల ఎలుకల్నీ పక్కపక్కన పెట్టి చూశాడు. తమకి అలవాటైన చోట కొత్త వస్తువు కనబడితే బయటి ఎలుకలు దాన్ని తప్పించుకు తిరిగాయి. అలాంటి ఎలుకని ఈ పెట్టెలో వదిలామనుకోండి. దానికి పాతది బ్రహ్మాండంగా గుర్తుంటుంది, గుర్తుంది కాబట్టే పాతదాని పక్కనే ఉంటుంది. మన లెక్కలో దానికి సున్న పడుతుంది.

ఈ మాట మనసులో పెట్టుకుని హైదరాబాద్‌లో జరిగిన ఒక ప్రయత్నం చూద్దాం. 1989లో జాస్తి వెంకటేశ్వర్లు స్థాపించిన సువెన్ లైఫ్ సైన్సెస్, మెదడు జబ్బులకి సొంతంగా కొత్త మందులు కనిపెట్టాలని పూనుకుంది. పాత మందుల్ని చవకగా తయారుచేయడంలో మన కంపెనీలకి పేరుంది గాని, కొత్త అణువుని నిర్మించి మనుషుల దాకా తేవడం అరుదు. రామకృష్ణ నిరోగి, ఆయన సహచరులు ఎంచుకున్నది ఆరో రకం సెరటోనిన్ గ్రాహకం. 1993లో బయటపడిన గ్రాహకం అది. ఎక్కువగా మెదడులోనే ఉంటుంది. దాన్ని మూస్తే జ్ఞాపకానికి కావలసిన అసిటైల్‌కోలిన్ లాంటి రసాయనాలు పెరుగుతాయి. వాళ్లు తయారుచేసిన మాసుపిర్డిన్ ఎలుకలకి ఇస్తే, వస్తువుల పరీక్షలోనూ నీటి తొట్టెలోనూ జ్ఞాపకం మెరుగుపడింది. ఇతర దేశాల ప్రయోగశాలల్లో ఇదే గ్రాహకాన్ని తట్టే మందులూ మూసే మందులూ రెండూ ఎలుకల జ్ఞాపకాన్ని పెంచాయని ఫలితాలు వచ్చాయి. ఒకే తలుపుని తెరిచినా మూసినా ఒకే ఫలితం వస్తే, మనం కొలుస్తున్నదేమిటో మళ్లీ ఆలోచించాలి కదా.

అల్జీమర్స్ రోగుల మీద పరీక్షలు మొదలయ్యాయి. ఈ గ్రాహకాన్నే మూసే రెండు విదేశీ మందులు, లుండ్‌బెక్ వాళ్ల ఇడాలోపిర్డిన్, ఆక్సోవాంట్ వాళ్ల ఇంటెపిర్డిన్, పెద్ద పరీక్షల్లో విఫలమయ్యాయి. సువెన్ వాళ్లు తమ మందుని అప్పటికే వాడుకలో ఉన్న డోనెపెజిల్, మెమాంటిన్‌లకి తోడుగా ఇచ్చి చూశారు. అమెరికాలో 564 మంది రోగులు, 26 వారాలు. 2019 నవంబరులో ఫలితం ప్రకటించారు. జ్ఞాపకానికి సంబంధించిన పరీక్షలో మందు తిన్నవాళ్లకీ తిననివాళ్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఎన్నో ఏళ్ల కష్టం. అంతటితో మూట కట్టేసి ఉండొచ్చు. వాళ్లు ఆ లెక్కల్ని మళ్లీ విప్పి చూశారు. మొదటినుంచీ అలజడి, కోపం, చిరాకు ఉన్న రోగుల్ని విడిగా తీసి చూస్తే, మందు తిన్నవాళ్లలో అవి తగ్గినట్టు కనబడింది. లెక్క అయిపోయాక వెనక్కి తిరిగి చూసిన ఫలితానికి పూర్తి బలం ఉండదు. అందుకని అలజడినే ముఖ్య లక్ష్యంగా పెట్టుకుని మూడో దశ పరీక్ష మళ్లీ మొదలుపెట్టారు. నేర్చుకోవడం కోసం తయారైన మందు బెదురు, అలజడి వైపు తిరిగింది. ఎలుకల పెట్టెలో వాళ్లు చూసినది నిజంగా జ్ఞాపకమేనా, లేక కుదుటపడిన ప్రాణి చూపిన ఉత్సాహమా అని నాకు అనుమానం కలుగుతుంది. ఇది నా ఆలోచన మాత్రమే, రుజువైన సంగతి కాదు.

ఈసారి రోగిని "ఇవాళ ఏ వారం? ఈ పదాలు గుర్తున్నాయా?" అని అడిగి వదిలేయడం లేదు. రోగిని రోజూ చూసుకునే మనిషిని కూడా కూర్చోబెట్టి అడుగుతున్నారు. గదిలో అటూ ఇటూ ఎన్నిసార్లు తిరిగారు? అడిగిందే ఎన్నిసార్లు అడిగారు? ఎవరినైనా కొట్టారా, అరిచారా, ఇల్లు విడిచి వెళ్లిపోబోయారా? పెద్ద వయసువాళ్లని ఇంట్లో చూసుకుంటున్న కోడళ్లకీ కొడుకులకీ ఈ ప్రశ్నల్లో ఒక్కటి కూడా కొత్త కాదు. వాళ్లు చెప్పిన జవాబులే ఇప్పుడు ఆ మందు భవిష్యత్తుని తేలుస్తాయి.